పెట్టెలు తెరిచి ఫొటోలిచ్చిన అందరికీ, అలోషియస్ పాత విద్యార్థుల తరఫున

విశాఖపట్నం వన్‌టౌన్‌లోని సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ హైస్కూల్లో చదువుకున్నవాళ్లం కొందరం కలిసి, బడి స్థాపన వార్షికోత్సవానికి ఒక చిన్న ఫొటో ప్రదర్శన పెట్టాలనుకున్నాం. మా దగ్గర ఫొటోలు లేవు, పెద్దగా డబ్బు లేదు. తెలిసినవాళ్లందరినీ సాయం అడిగాం. అడిగినదానికంటే చాలా ఎక్కువే అందింది. ప్రదర్శన బాగా జరిగింది. నిజానికి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చెప్పాల్సిన మాట ఇది. కానీ సాయం చేసినవాళ్లు మర్రిపాలెం నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్నారు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. పేర్లు వద్దని చాలామంది గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.

మా బడిని దూరదేశం నుంచి వచ్చిన కేథలిక్ ఫాదర్లు 1847లో మొదలుపెట్టారు. అదెంత వెనకటి సంగతో పిల్లలకు తెలియాలని మొదటి బోర్డు మీద కొన్ని సంవత్సరాలు వరసగా వేశాం. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదట నడిచింది 1853లో. మద్రాసు యూనివర్సిటీ పెట్టింది 1857లో. మన తీరం వెంబడి రైలు పట్టాలు పడింది 1890లలో. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో, విశాఖ ఓడరేవు 1933లో వచ్చాయి. వీటన్నిటికన్నా ముందే ఈ ఊళ్లో మా బడి గంట మోగింది. ఆ బోర్డు ముందు నిలబడి ఒక చిన్నబ్బాయి, "రైలు లేదు, రేవు లేదు, మరి ఆ ఫాదర్లు ఎలా వచ్చారు సార్?" అని అడిగాడు. నాకు ఆ రోజు దక్కిన పెద్ద సంతోషం ఆ ప్రశ్నే. సూయజ్ కాలువ తెరవడానికి కూడా ఇంకా ఇరవై ఏళ్లకు పైనే ఉన్న రోజుల్లో, యూరప్‌లో సవోయ్ కొండల్లోని అన్నెసీ నుంచి బయల్దేరి 1846లో విశాఖ చేరారు వాళ్లు. ఫాదర్ పీటర్ మెర్మియే 1838లో స్థాపించిన మతగురువుల సభకు చెందినవాళ్లు. పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు మీద ఏర్పడిన సభ అది. భాష రాదు, ఎండ అలవాటు లేదు, చుట్టాలూ పక్కాలూ లేరు. అయినా వచ్చిన మరుసటి ఏడే బడి తెరిచారు.

ఆ ఫాదర్లది ఏ దేశమని రాయాలనే దగ్గర మాలో మాకు పెద్ద చర్చే నడిచింది. "ఫ్రెంచి ఫాదర్లు" అనే మేమంతా విన్నాం, మా పెద్దలూ అలాగే అనేవారు. మా సీనియర్లలో చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన అన్నయ్య ఒకరు ఓపిగ్గా కూర్చుని విడమరిచి చెప్పారు. వాళ్లు మాట్లాడేది ఫ్రెంచే, కానీ అప్పటికి సవోయ్ సార్డీనియా రాజ్యంలో ఉండేదట. ఫ్రాన్సులో కలిసింది 1860లో. బోర్డు మీద అలాగే రాశాం. అన్నయ్యా, మీరు ఊరికే సంవత్సరం చెప్పేసి వదిలేయకుండా అట్లాసు తెచ్చి చూపించారు చూడండి, దానికి ప్రత్యేకంగా దండం.

ఇక ఫొటోల సంగతి. బడి చరిత్రంటే బడిలోనే, బీరువాల్లోనే ఉంటుందని అనుకుంటాం. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, అది ఊళ్లో ఇళ్లలో ఉంది. ట్రంకు పెట్టెల అడుగున, పెళ్లి ఆల్బముల వెనక అట్టల్లో, దేవుడి పటం పక్కన తగిలించిన తాతగారి ఫ్రేములో ఉంది. అవి బయటికి తీసి, ముక్కూ మొహం తెలియని మాలాంటివాళ్ల చేతిలో పెట్టడం చిన్న నమ్మకం కాదు. "జాగ్రత్త బాబూ, ఆయన ఫొటో ఇదొక్కటే ఉంది" అంటూ ఇచ్చారు ఒక మామ్మగారు. మామ్మగారూ, మీ ఫొటో స్కాన్ చేయించిన రోజు సాయంత్రమే మీకు తిరిగి అందింది. కానీ ఆ కాసేపూ మీరు గుమ్మంలోనే కూర్చున్నారని మీ మనవడు చెప్పాడు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు చాలావరకు ఖాళీ అయిపోయింది. దొరికిన బండి ఎక్కి లోపలి ఊళ్లకు పోయారు జనం. అలా పోయిన ఒక కుటుంబంలో, ఇల్లాలు ఇత్తడి సామాన్ల మూటతో పాటు పెద్దకొడుకు ఎస్.ఎస్.ఎల్.సి. (హైస్కూలు చదువు ముగింపు సర్టిఫికెట్) పుస్తకం కూడా కట్టుకుని వెళ్లారట. ఆ పుస్తకాన్ని ఇప్పుడు ఆయన కొడుకు తెచ్చి మాకిచ్చారు. ఈయనకూ డెబ్బై దాటాయి. అంచులు నలిగి, మడత దగ్గర కాగితం చిరిగి ఉంది. ప్రాణభయంతో ఊరు విడిచేటప్పుడు ఆ తల్లి ఏం వదిలేశారో మనకు తెలియదు, ఏం పట్టుకెళ్లారో మాత్రం కళ్లారా చూశాం. దాన్ని గాజు పెట్టెలో పెట్టాం. చాలామంది అమ్మలు దాని దగ్గర ఎక్కువసేపు ఆగారు. బాబాయ్‌గారూ, మీ నాన్నమ్మగారి గురించి మీరు చెప్పిన నాలుగు మాటలూ దాని పక్కనే రాసి పెట్టాం. మా ప్రదర్శనలో అంతకు మించిన బోర్డు లేదు.

ఆంగ్లో ఇండియన్ కుటుంబాల గురించి రాయకపోతే ఈ పోస్టుకు అర్థమే లేదు. బడి పేరులోనే ఉన్నారు వాళ్లు. వాల్తేరులో రైల్వే ఉద్యోగాలు చేసినవాళ్లు, రేవులో చేసినవాళ్లు, వాళ్ల పిల్లలు మా బడి బెంచీల మీద కూర్చుని చదువుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత చాలా కుటుంబాలు ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ వెళ్లిపోయాయి. వాళ్లతోపాటే ఫొటోలూ వెళ్లిపోయాయి. మెల్‌బోర్న్‌లో ఉంటున్న ఒక ఆంటీ, తన తమ్ముళ్లు చదివిన తరగతుల గ్రూపు ఫొటోలు స్కాన్ చేసి పంపారు. ఊరికే పంపడం కాదు, ఒక్కో వరసలో ఎవరెవరున్నారో గుర్తున్నంతవరకు చేత్తో రాసి, దాన్నీ ఫొటో తీసి పంపారు. ఆ రాతలో చివర ఒక వాక్యం ఉంది. కుడివైపు చివర నిలబడ్డ మనిషి గంట కొట్టే బంట్రోతు అనీ, ఆయన పేరు తనకు గుర్తు రావడం లేదనీ, దయచేసి ఎలాగైనా కనుక్కుని రాయమనీ.

ఆ ఒక్క పేరు కోసం తిరిగినంతగా మేం దేనికీ తిరగలేదు. రిటైరైన టీచర్లను అడిగాం, పాత ఆఫీసు గుమస్తాను అడిగాం. ఆయన రూపం అందరికీ గుర్తుంది, పేరు ఎవరికీ రాలేదు. చివరికి ఆ ఫొటో ఫోన్లలో తిరిగి తిరిగి చెంగల్రావుపేటలో ఒక ఇంటికి చేరింది. "మా తాతే" అంది ఒక అమ్మాయి. తలపాగా చుట్టిన తీరు చూసి వాళ్లమ్మ ముందు గుర్తుపట్టిందట. ప్రదర్శన నాడు వాళ్లింటిల్లిపాదీ వచ్చారు. ఫొటో కింద ప్రిన్సిపాళ్ల పేర్లు ఏ సైజు అక్షరాల్లో ఉన్నాయో, ఆయన పేరూ అదే సైజులో ఉంది. ఆ పేరు ఇప్పుడు మెల్‌బోర్న్ ఆంటీకీ తెలుసు. అమ్మా, నువ్వు ఆ రోజు ఫోన్ చేసి ఉండకపోతే ఆ ఫొటో అసంపూర్ణంగానే గోడకెక్కేది. నీకు మేమంతా రుణపడ్డాం.

కొన్ని ఫొటోల వెనక ఫ్రెంచిలో రాతలున్నాయి. అవి చదివి పెట్టింది యానాం పెద్దాయన ఒకరు, ఫ్రెంచి మాస్టారుగా పనిచేసినవారు. యానాం అనగానే ఇంకో సంగతి చెప్పాలి. అన్నెసీ నుంచే పునీత జోసఫ్ సభ సిస్టర్లు 1849లో మొదట వచ్చింది యానానికే. అక్కడి నుంచి వాళ్ల సేవ విశాఖకు, మిగతా ఊళ్లకు పాకింది. ఉత్తర కోస్తాలో ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు ఆ సిస్టర్లను తలవకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ మాస్టారు ఒక్క పైసా తీసుకోలేదు. పైగా అర్థం కాని ఒక్కో అక్షరం కోసం భూతద్దం పెట్టుకుని చూసి, రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసి "దొరికింది" అని చెప్పేవారు. మాస్టారూ, ఆ ఫోన్లకు మేం ఎదురుచూసేవాళ్లం.

మా తెలుగు మాస్టారికి కూడా కృతజ్ఞతలు చెప్పాలి. ఇంగ్లీషు మీడియం బడి కదా, బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉంటే చాలనుకున్నారు కొందరు. ఆయన ఒప్పుకోలేదు. ప్రతి బోర్డు పక్కనా తెలుగు బోర్డు ఉండాల్సిందేనని పట్టుబట్టి, తనే రాసి, ప్రూఫులు దిద్ది ఇచ్చారు. ఆయన పట్టు వల్లే ఆ రోజు వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఎవరినీ అడక్కుండా తమంతట తాము చదువుకున్నారు.

వాన సంగతి చెప్పకుండా ఎలా? మా బడికి ఆ పేరు పెట్టింది పునీత అలోషియస్ గొంజాగా మీద. రోములో అంటువ్యాధి సోకినవాళ్లకు సేవ చేస్తూ, అదే సోకి 1591లో ఇరవై మూడేళ్లకే చనిపోయిన యువకుడు. ఆయన పండుగ జూన్ 21న. మేం ప్రదర్శన పెట్టుకున్నదీ ఆ పండుగ రోజుల్లోనే. మన దగ్గర అవి బడులు తెరిచే రోజులు, తొలకరి రోజులు. ముందురోజు సాయంత్రం సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. షామియానా గుడ్డ పల్చనిది, కింద ఊళ్లో ఇళ్ల నుంచి అరువు తెచ్చిన ఫొటోలు. ఆ గంటసేపు పడ్డ టెన్షన్ ఇప్పుడు తలచుకున్నా గుండె దడే. బడిలో చదివే ఒక పిల్లాడి తండ్రి చేపల రేవులో పనిచేస్తారు. కొడుకును దింపడానికి వచ్చి మా అవస్థ చూశారు. ఏమీ అనలేదు, బండి తిప్పుకుని వెళ్లిపోయారు. కాసేపటికి ఆటోలో పడవల మీద కప్పే పెద్ద టార్పాలిన్లు, తాళ్లు, వెంట నలుగురు మనుషులు. గాలి ఎటునుంచి కొడుతుందో చూసి, ఆ వైపు కిందికి వాల్చి కట్టారు. నీళ్లు నిలవకుండా మధ్యలో వెదురు ఎత్తారు. రాత్రంతా వాన. తెల్లారి చూస్తే ఒక్క అట్ట తడవలేదు, ఒక్క ముడి జారలేదు. డబ్బులిస్తామంటే, "మా వోడు సదివే బడి బాబూ" అన్నారు. టార్పాలిన్లు తిరిగివ్వడానికి రేవుకు వెళ్లినప్పుడు టీ కూడా వాళ్లే తాగించి పంపారు.

ఇంకా ఎంతోమంది ఉన్నారు. వన్‌టౌన్‌లో మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, ఒక కొండ మీద దర్గా, ఒక కొండ మీద వేంకటేశ్వరస్వామి. కుర్చీలు చాలకపోతే గుడి తరఫువాళ్లు పంపారు. ఎండెక్కాక మంచినీళ్ల డ్రమ్ములు దర్గా వీధి కుర్రాళ్లు మోసుకొచ్చారు. వాళ్లలో సగం మంది మా బడివాళ్లే, మిగతా సగం కాదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో పనిచేసే మా జూనియర్ డాక్టరమ్మ సెలవు పెట్టుకుని వచ్చి, పెద్దవాళ్లకు ఇబ్బంది కలగకుండా రోజంతా అక్కడే ఉన్నారు. ఫ్లెక్సీలు, ప్రింట్లు కొన్న ధరకే చేసిచ్చిన తమ్ముడికి, ఉప్మా, పెసరట్లు పంపిన టిఫిన్ హోటల్ పిన్నిగారికి, ఉదయం దివ్యబలిపూజలో మా కోసం, ఇప్పుడు మన మధ్య లేని మా టీచర్ల కోసం ప్రార్థించిన ఫాదర్‌గారికి, పాటలు పాడిన పిల్లలకు, అందరికీ నమస్కారాలు. డబ్బు ఇచ్చినవాళ్లకు లెక్కల కాగితం విడిగా పంపాం. మిగిలిన సొమ్ము ఈ ఏడాది పుస్తకాలు కొనుక్కోలేని పిల్లలకు ఇవ్వాలని అందరం అనుకున్నాం, ఇచ్చేశాం.

నాకొక్కటే అనిపిస్తోంది. బడి పెట్టింది దూరదేశపు ఫాదర్లు, ఆ మేలు ఎన్నటికీ మరవం. ఇన్నేళ్లు నిలబెట్టుకొచ్చింది మాత్రం వాళ్లతోపాటు ఈ పేటలు, ఈ వీధులు. క్రైస్తవులు కాని ఇళ్లలో కూడా మా బడి కాగితాలు అంత భద్రంగా ఉండటం చూశాక ఆ సంగతి నాకు బాగా తెలిసింది. వచ్చే ఏడు స్థాపన దినానికి ఫొటోలతో పాటు మీ మాటలు కూడా రికార్డు చేయాలని ఉంది, మరీ ముఖ్యంగా ఎనభై దాటినవాళ్లవి. మేమే మీ ఇళ్లకు వస్తాం.

చివరిగా ఒక మనవి. ప్రదర్శన నాటి ఉదయం బల్ల మీద ఎవరో ఒక గోధుమరంగు కవరు పెట్టి వెళ్లారు. పేరు రాయలేదు. లోపల రెండు ఫొటోలున్నాయి. ఒకటి ఫుట్‌బాల్ జట్టుది, రెండోది తెల్ల చొక్కా తొడుక్కున్న కుర్రాడు ఒక్కడే నిలబడి తీయించుకున్నది. రెండూ అసలు ప్రింట్లే, కాపీలు కావు. స్కాన్ చేసి భద్రంగా దాచాం. అవి మీవైతే మాలో ఎవరికైనా ఒక్క మాట చెప్పండి. ఫొటోలు మీకు తిరిగివ్వాలి, ఆ కుర్రాడెవరో కింద రాయాలి.