సున్నా కొడితే బయటి లైను

చి. బుజ్జితల్లికి,

ఇక్కడ అందరం కులాసా. మీ నాన్నగారి మోకాలు అలాగే ఉంది, ఆయన మాట వినకపోవడమూ అలాగే ఉంది. నీ దగ్గర్నుంచి ఫోను వచ్చి చాలా రోజులైంది. పని ఒత్తిడి అయ్యుంటుంది, నేనేమీ అనుకోవడం లేదు. ఊరికే రాస్తున్నాను.

మీ ఆఫీసులో ఫోను బిల్లు గురించి ఏదో గొడవైందనీ, బయటి కాల్స్ అన్నీ కట్టడి చేసే పని నీ నెత్తిన పెట్టారనీ పెద్దత్త చెప్పింది. ఆవిడకెవరు చెప్పారో అడగలేదు, అడిగితే తెల్లారుతుంది. నిన్ను సంజాయిషీ రాసిమ్మన్నారని కూడా ఏదో అంది. నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సరే, అది వదిలెయ్. అన్నేళ్ళు ఆఫీసులో టెలిఫోను బోర్డు ముందు కూర్చున్నదాన్ని కదా, రెండు ముక్కలు చెప్తాను. క్లాసు పీకుతున్నాననుకోకు.

ఎవరికేం మూయాలా అని మొదలుపెడితే ఆ పని తెమలదు. ముందు అన్నీ మూసేసి, కావాల్సినవి తెరుచుకుంటూ రా. ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కీ, అంటే ఒక్కో లోపలి ఫోనుకీ, విడిగా పెడుతూ కళ్ళు పాడుచేసుకోకు. లోపలి కాల్స్ మాత్రమే, లోకల్, ఎస్టీడీ, ఐఎస్డీ అని క్లాసులు కట్టి, ఏ ఎక్స్‌టెన్షన్ ఏ క్లాసుదో అందులో వేసెయ్. ఐఎస్డీ నిజంగా అవసరమయ్యేవాళ్ళు ఎక్కడైనా కొద్దిమందే. వాళ్ళకైనా ఫోనుకి కాకుండా మనిషికి కోడ్ ఇవ్వు. ఏ బల్ల దగ్గర్నుంచి చేసినా ఎవరు చేశారో రికార్డులో పడుతుంది. ఇంకోటి, 00 ఆపేస్తే ఐఎస్డీ ఆగిపోయిందనుకోకు. ఇప్పటి ఐపీ ఫోన్లలో ప్లస్ గుర్తుతో కొట్టినా పోవచ్చు. రెండూ ఆపు. ఆఫీసు వేళ దాటాక అందరినీ కింది క్లాసుకి దింపే నైట్ మోడ్ ఉంటుంది, అదీ పెట్టు.

అన్నీ మూసే హడావిడిలో అత్యవసర నంబరు 112 మూసేవు సుమా! ఏ క్లాసులో ఉన్నా, అర్ధరాత్రైనా, సున్నా కొట్టడం మరిచిపోయినా అది వెళ్ళాలి. లిఫ్టులో ఉండే ఫోను కూడా. 2013లో అమెరికాలో, టెక్సస్‌లో, ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ళ పిల్ల అక్కడి అత్యవసర నంబరు 911కి నాలుగుసార్లు చేసింది. బయటి లైను కోసం ముందు ఇంకో 9 కొట్టాలని ఆ పసిదానికేం తెలుసు? తల్లి దక్కలేదు. ఆవిడ పేరు మీదే 2018లో అక్కడ చట్టం తెచ్చారు, ముందు ఏ అంకే లేకుండా 911 వెళ్ళి తీరాలని. అది తలుచుకున్నప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు, ఎందుకో అడక్కు.

మా ఆఫీసు సంగతి నీకు చెప్పానో లేదో. వరస సెలవులొచ్చాయి. అవయ్యాక పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, బోర్డు మీద ట్రంకు లైట్లు, అంటే బయటి లైన్లవి, అన్నీ వెలుగుతున్నాయి. నేనూ వాచ్‌మనూ తప్ప నరమానవుడు లేడు. సున్నా కొడితే టోన్ రాదు. ఒక లైను ఖాళీ అయినట్టే అయ్యి మళ్ళీ నిండిపోతోంది. ఇంతలో మేనేజరుగారు దిగారు. రావడం రావడమే వాచ్‌మన్ మీద పడ్డారు, రాత్రంతా ఎవరితో మాట్లాడావని. విదేశాల్లో చుట్టమన్నవాడే లేని మనిషి, బిక్కమొహం వేశాడు. నేను మాట్లాడకుండా ప్రింటరు దగ్గరికెళ్ళి కాల్ రికార్డు తీశాను. బయటికి వెళ్ళిన ప్రతి కాలుకీ జోడీగా అదే నిమిషంలో ఒక కాలు లోపలికొచ్చి ఉంది. లోపల మనిషే చేస్తుంటే బయటి నుంచి కాలెందుకొస్తుంది? అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ మీద. అదేమో అప్పటికే మానేసి వెళ్ళిపోయిన అకౌంటెంటుగారిది. ఆయన వాయిస్‌మెయిల్ పిన్ ఏమిటనుకున్నావ్? ఆ ఎక్స్‌టెన్షన్ నంబరే! ఎవడో బయటి నుంచి అందులో దూరి, ఆ ఫోనుకొచ్చే కాల్స్‌ని విదేశీ నంబరుకి ఫార్వర్డ్ పెట్టాడు. ఆ నంబరుకి నడిచే ప్రతి నిమిషానికీ వాడికి వాటా. బిల్లు మటుకు ఆఫీసుకి. ఫోను ముట్టుకున్నవాడే లేడు, అయినా కాల్స్ వెళ్ళాయి. కాబట్టి తాళం చేత్తో కొట్టే నంబర్లకే వేస్తే చాలదు. ఫార్వర్డుకీ, బయటి లైనుని బయటి లైనుకి కలిపే ట్రాన్స్‌ఫర్‌కీ కూడా వెయ్యాలి. మానేసినవాళ్ళ ఎక్స్‌టెన్షన్లు ఆ రోజే తీసెయ్యాలి. మేనేజరుగారు వాచ్‌మన్‌కి సారీ చెప్పారా అంటే చెప్పలేదు, టీ తెమ్మన్నారు.

ఆ ప్రింటు లేకపోతే అతని ఉద్యోగం పోయేది. అందుకే అడుగుతున్నాను, మీ దగ్గర కాల్ రికార్డు తీసి దాస్తున్నారా? ఎవరైనా నిన్ను సంజాయిషీ అడిగితే, అడిగారని కాదు, అడిగితే, నోటిమాటగా ఏమీ ఒప్పుకోకు. రికార్డు ముందు పెట్టి మాట్లాడు. ఎవరెవరికి ఏ క్లాసు ఇవ్వమన్నారో పైవాళ్ళ చేత కాగితం మీద రాయించుకో. నువ్వు మొహమాటస్తురాలివి, అక్కడే నాకు భయం. రిసెప్షన్ అమ్మాయికి కూడా చెప్పు, లైను టెస్ట్ చేస్తున్నాం, ఫలానా అంకెలు నొక్కి ట్రాన్స్‌ఫర్ చెయ్యండి అని ఎవరైనా చేస్తే పెట్టేయమని.

అన్నీ అయ్యాక ప్రతి క్లాసు నుంచీ ఒక్కో ఫోను తీసి నువ్వే కొట్టి చూడు. వెళ్ళకూడనివి ఆగుతున్నాయా అనే కాదు, వెళ్ళాల్సినవి వెళ్తున్నాయా అని కూడా. అలా కొట్టి చూసే వంకతో ఇంటి నంబరు ఒకసారి కొడితే ఎవరూ ఏమీ అనరు. ఆఫీసు ఫోన్లంటే కట్టేశావు, మరి నీ సెల్లుకి ఏ క్లాసు పెట్టుకున్నావో నాకు తెలియదు.

మెడనొప్పి తగ్గిందా? కుర్చీ మార్చమని అడిగావా?

ఆశీస్సులతో
అమ్మ

తా.క. మార్పులు చేశాక సేవ్ చేసి, బ్యాకప్ తీసి ఉంచు. కొన్ని సిస్టముల్లో సేవ్ చెయ్యకపోతే కరెంటు పోయొచ్చేసరికి పాతవే తిరిగొస్తాయి. ఆ పని రాత్రిళ్ళు కూర్చుని చెయ్యకు. సంజాయిషీ సంగతి నిజమో కాదో ముందు నాకు చెప్పు, పెద్దత్తకి తర్వాత చెప్పొచ్చు.