పాత టాకీస్ ప్రొజెక్టర్ నిధి: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మన టాకీస్ కూల్చడం మొదలైన వారంలోనే, ప్రొజెక్టర్‌ని పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తున్నారని తెలిసింది. ఆ రాత్రే పద్నాలుగు మందిమి కూర్చుని ఈ కమిటీ వేసుకున్నాం. మెషీన్ ఇప్పుడు గ్రంథాలయం వరండాలో భద్రంగా ఉంది.

మొత్తం జమ 86,760 రూపాయలు. ఇందులో కమిటీ సభ్యులం తలా 2,000 చొప్పున వేసుకున్నది 28,000. ఊళ్లో రసీదుల మీద వచ్చింది 19,450. హైదరాబాద్‌లోనూ, విదేశాల్లోనూ ఉంటున్న మన ఊరివాళ్లు పంపింది 36,000. సభ రోజు డబ్బాలో పడ్డవి 3,310.

ఖర్చుల్లో పెద్దది మెషీన్ కొన్న 27,000. తూకం ధర కంటే ఎక్కువ ఇచ్చారని కొందరన్నారు, నిజమే. ఇనుము వ్యాపారి అప్పటికే బయానా ఇచ్చేశాడు. మేం బేరం తెగేదాకా ఆగితే గ్యాస్ కట్టర్ పెట్టేవాళ్లు. రెండో మెషీన్ ఎన్నడో పోయింది, ఉన్నది ఇదొక్కటే. కిందకి దించి తేవడానికి క్రేన్, ట్రాలీ, హమాలీలకు కలిపి 6,800 అయింది. హమాలీల కూలికి బిల్లు రాదు కాబట్టి ఓచర్ రాసి ఇద్దరు సభ్యులం సంతకాలు పెట్టాం.

మెకానిక్‌కి, ఆయిల్‌కి, రంగుకి 8,500. ల్యాంప్‌హౌస్ (మెషీన్‌లో వెలుగు పుట్టే పెట్టె) తలుపు తీస్తే లోపల తెల్లటి బూడిద, రాగి పూత ఉన్న కార్బన్ కడ్డీ ముక్క ఒకటి కనిపించాయి. సగం కాలి ఆగిపోయిన కడ్డీ అది. అలాంటి రెండు కడ్డీల మధ్య మండే వెలుతురులోనే కదా మనం సినిమాలన్నీ చూసింది! ఆ బూడిదని మాత్రం తుడవనివ్వలేదు.

ఇనుప స్టాండు, అద్దాల పెట్టెకి 14,200. ఫొటోలకు, బోర్డుకు 5,640. ఆంధ్రలో తొలి సినిమా హాలుగా చెప్పుకునే మారుతీ, 1921లో బెజవాడలో పోతిన శ్రీనివాసరావు గారు కట్టించినది, అనే సంగతి కూడా బోర్డు మీద రాయించాం. సభకి షామియానా, మైకు, టీ టిఫిన్లు 7,350. రసీదు పుస్తకాలు 600. శాలువా 450.

ఇక ఆపరేటర్ గారికి ఇచ్చిన 15,000 గురించి. మెషీన్ కోసం వసూలు చేసి మనిషికెందుకు ఇచ్చారని ఒకరిద్దరు అడిగారు. వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. తెర మీద కుడివైపు పై మూలన చుక్క పడగానే తర్వాతి రీలు ఎక్కించి ఉంచిన రెండో మెషీన్‌కి మార్చాలి. క్షణం ఆలస్యమైతే నేల క్లాసు నుంచి ఈలలు, కేకలు. రోజుకి నాలుగు ఆటలూ ఆయన ఆ చుక్క కోసమే చూస్తూ ఉండేవారు. డిజిటల్ వచ్చాక రీళ్లు పోయాయి, వాటితోపాటే ఆయన ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు. సభలో లెన్సుని చేత్తో తడిమి, "ఇది నాదే" అన్నారు. ఈ ఖర్చుకి కమిటీ అంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అభ్యంతరం ఉన్న దాతలు చెబితే వారి వాటా మేం సొంతంగా తిరిగి ఇస్తాం.

మొత్తం ఖర్చు 85,540. మిగులు 1,220 కోశాధికారి దగ్గర ఉంది. ఇంటర్వెల్ బెల్లు ఎవరింట్లోనో ఉందని విన్నాం. ఇస్తే ఈ మిగులుతో మెషీన్ పక్కనే బిగిస్తాం. బిల్లులు, ఓచర్లు గ్రంథాలయంలో ఉంచాం, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

– కమిటీ సభ్యులు