వార్షిక నివేదిక 2024-25: మోటారు వేసే వేళ మార్చాం

కాలనీ సంఘం సభ్యులకు నమస్కారం.

కాలువల పూడికతీత, వీధికుక్కల బెడద, బతుకమ్మ ఏర్పాట్లు ఎప్పటిలాగే నడిచాయి. ఖర్చుల లెక్క కోశాధికారి నివేదికలో ఉంది. సమావేశాల్లో అందరూ గొంతు పెంచి వాదించింది మాత్రం కరెంటు మీదే కాబట్టి, ఆ సంగతే వివరంగా రాస్తున్నాం.

హనుమకొండలో మే నెల సాయంత్రాలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఇంటింటా ఏసీలు, కూలర్లు నడిచే ఏడు గంటల వేళకే ఉమ్మడి బోరు మోటారు కూడా వేసేవాళ్లం. ఐదు హార్స్‌పవర్ మోటారు 3.7 కిలోవాట్లకు పైనే లాగుతుంది. పొద్దు గుంకి సోలార్ ఉత్పత్తి ఆగిపోయే సమయం కూడా అదే. ట్యాంకు ఎప్పుడు నిండినా నీళ్లు నీళ్లే కనుక, టైమరు బిగించి మోటారును మధ్యాహ్నానికి మార్చాం.

గ్రిడ్‌లో, అంటే దేశమంతా కలిసిన కరెంటు తీగల వలలో, ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణం సరితూగాలి. లేకపోతే 50 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 50 సార్లు ఊగేలా, ఉండాల్సిన కరెంటు పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) అదుపు తప్పుతుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు ప్రధాని పిలుపుతో దేశమంతా లైట్లు ఆర్పినప్పుడు వాడకం సుమారు 31 వేల మెగావాట్లు పడిపోయింది. ముందే తెలుసు గనుక జలవిద్యుత్తును తగ్గించి, మళ్లీ పెంచి గ్రిడ్‌ను కాపాడారు. ఇంటి స్విచ్చుతో ఒరిగేదేముందని అడిగిన సభ్యులు ఈ అంకె చూడాలి.

బిల్లు తగ్గుతుందా అంటే, ఇప్పటికి తగ్గదు. మన మీటరు ఎన్ని యూనిట్లో లెక్కిస్తుంది గాని, ఏ వేళ వాడామో పట్టించుకోదు. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇళ్లకైతే ఆ తేడా అసలే తెలియదు. 2023లో కేంద్రం సవరించిన నియమాల ప్రకారం స్మార్ట్ మీటర్లతో పగటి సోలార్ వేళ ధర తగ్గాలి, రద్దీ వేళ పెరగాలి. ఆ పద్ధతి మన గడపకు వచ్చేసరికి అలవాటు సిద్ధంగా ఉంటే మంచిదని కార్యవర్గం అభిప్రాయం.

గీజర్లు వేసే వేళ మార్చుకోమంటే మాత్రం ఎవరినీ ఒప్పించలేకపోయాం. బతుకమ్మ రోజుల్లో లైట్లు తగ్గించమని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

సొంత మోటార్లున్న ఇళ్లన్నీ ఒకేసారి మధ్యాహ్నం స్విచ్ వేస్తే అదో కొత్త రద్దీ. అందుకే వచ్చే ఏడాది గల్లీకో అరగంట చొప్పున వంతులు వేయాలనుకుంటున్నాం. ఇంటిపై మూడు కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం ఇచ్చే రూ.78,000 రాయితీ కావాల్సినవారు కార్యదర్శి వద్ద పేర్లు రాయించుకోవచ్చు.