అవగాహన మాకుంది, కాళ్ళే సాగవు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చూసి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇంక నావల్ల కాలేదు. ట్రంకు రోడ్డు మీద ప్రమాదాలకు పాదచారుల్లో అవగాహన లేకపోవడమే కారణమని ఒక అధికారి సెలవిచ్చారు. (ఆ వార్తలో ఒకచోట ‘పాదచారులు’ అనీ, రెండుచోట్ల ‘పాదాచారులు’ అనీ పడింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, అదొక బాధ.)

నాకు 68 ఏళ్ళు. మా వారికి 74, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మందులషాపుకి పోవాలంటే మేం రోడ్డు దాటాల్సిందే. నెల్లూరుకి పోయినా, కావలికి పోయినా, ఒంగోలుకి పోయినా ట్రంకు రోడ్డే, ముసలివాళ్ళకి దాటే దిక్కు ఎక్కడా లేదు. అవగాహన మాకు బోలెడుంది సార్. కాళ్ళే సాగవు.

ఈమధ్య మా అమ్మాయి పురుడికని సింగపూరు పోయి దాదాపు మూడు నెలలు వున్నాం. ఆకాశమంత మేడలు అందరూ వీడియోల్లో చూసినవే, వాటి జోలికి పోను. నాకు నచ్చింది సిగ్నల్ స్తంభానికి బిగించిన ఒక చిన్న పెట్టె. అరవై దాటిన అక్కడివాళ్ళకి బస్సు రాయితీ కోసం ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డుని పెట్టెకి ఆనిస్తే నడిచేవాళ్ళని దాటమనే పచ్చబొమ్మ ఇంకాసేపు వెలుగుతుంది. రోడ్డు వెడల్పుని బట్టి 3 నుంచి 13 సెకన్ల దాకా ఎక్కువ ఇస్తుంది. 2009 నుంచే వుందట. మాకు ఆ కార్డు ఎక్కడిది? అదే బ్లాకులో వుండే ఒక తమిళ పెద్దాయన పొద్దున్నే టిఫినుకి పోతూ కార్డు ఆనించేవాడు. ఆయన వెనకే మా వారి చెయ్యి పట్టుకుని నేనూ దాటేదాన్ని. ఒకరోజు ఈయన నడిరోడ్డు మీద ఆగి పంచె సర్దుకున్నారు. ఒక్కరు హారన్ కొట్టలేదు. నాకే సిగ్గేసి లాక్కుపోయాను.

ముసలాళ్ళు ఎంత నెమ్మదిగా నడుస్తారో ఎవరో కూర్చుని లెక్క వేసి వుండాలి గదా! మన దగ్గర ఆ లెక్క ఎవరు వేస్తారు? మా సెంటర్లో సిగ్నల్ ఎప్పుడు చూసినా పసుపు లైటు కొట్టుకుంటూ వుంటుంది. జీబ్రా గీతలు ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడంటే రాత్రికి రాత్రి పడతాయి, రెండు వానలకి పోతాయి. పోనీ ఫుట్‌పాత్ మీద నడుద్దామంటే దాని నిండా ఫ్లెక్సీ కర్రలు, తోపుడుబండ్లు (వాళ్ళని ఏమీ అనను, వాళ్ళ బతుకు వాళ్ళది), మిగిలిన సందులో ఎవరిదో బుల్లెట్. సైడు కాలవ మీద ఒక బండ లేచిపోయి ఏడాదైంది. ఎవరో పుణ్యాత్ములు ఆ గుంటలో వేపకొమ్మ గుచ్చారు. మాకు హెచ్చరిక బోర్డు అదే.

సింగపూరులో ప్రతి బస్సుస్టాపుకీ అయిదంకెల నంబరు వుంటుంది. అది ఫోన్లో కొడితే బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో, అందులో సీట్లున్నాయో లేదో కూడా తెలుస్తుంది. చక్రాల కుర్చీలో మనిషి వుంటే డ్రైవరే దిగి, పలక వాల్చి ఎక్కిస్తాడు.

అన్నీ మెచ్చుకున్నానని కాదు. తిండి అంగళ్ళన్నీ ఒకచోట వుండే హాకర్ సెంటర్లలో బల్ల మీద తిన్న పళ్ళెం వదిలేస్తే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 సింగపూరు డాలర్ల జరిమానా. 2021 నుంచి గట్టిగా అమలు చేస్తున్నారట. అది విన్న దగ్గర్నించీ మా వారికి టెన్షన్, ఇడ్లీ సగంలో వుండగానే పళ్ళెం పట్టుకుని లేచేవారు. ఆ మాటకొస్తే మా చిన్నప్పుడు ఎవరి విస్తరి వాళ్ళే తీసేవాళ్ళం, ఏ జరిమానా లేకుండానే.

ఇదంతా చెప్తే మా ఆడపడుచు కొడుకు, “వాళ్ళ దగ్గర డబ్బుంది అత్తా” అని తేల్చేశాడు. మన దగ్గర లేనిదెప్పుడు? ఊరి మొగదల ఆర్చీలకుంది, స్తంభాలకి చుట్టే రంగు లైట్లకుంది. 2015లో అమరావతికి ప్లాను గీయించింది కూడా సింగపూరు వాళ్ళ చేతే గదా. ఏ నాయకుడు మైకు పట్టినా సింగపూరే. మాకు అంత సింగపూరు వద్దు, ఆ స్తంభం మీది పెట్టె ఒక్కటి తెచ్చి పెట్టించండి. అదీ కుదరదంటే ఉన్న సిగ్నల్‌లోనే ఎర్రలైటు, పచ్చలైటు వెలిగించండి.

పాదచారులకు త్వరలో అవగాహన సదస్సు పెడతారని కూడా ఆ వార్తలోనే వుంది. తప్పకుండా వస్తాం. హాలు రోడ్డుకి ఏ వైపున వుందో మాత్రం ముందుగా చెప్పమనండి.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
నెల్లూరు జిల్లా