ఎర్ర ప్యాకెట్ ఎందుకు ఆపానంటే

మన దగ్గర కుక్కల కోసం ఎర్ర ప్యాకెట్ తిండి తీసుకునే వాళ్లందరికీ నమస్తే.

డిసెంబర్ ట్రయల్‌కు, అంటే మన కుక్కలు దిగే పోటీకి, సరిగ్గా పన్నెండు రోజుల ముందు ఎర్ర ప్యాకెట్ ఆపేశాను. అప్పటికే మీ ఇళ్లకు చేరినవి కూడా వెనక్కి తెప్పించాను. ఆ రోజు ఫోన్లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు చెప్పానే తప్ప, జరిగిందంతా చెప్పలేదు. 34 కుక్కలకు మళ్లీ తిండి వండి పంపే హడావిడిలో తీరిక లేకపోయింది. తీరిక దొరికాక కోపం అడ్డొచ్చింది. ఈలోగా గ్రూపులో రకరకాల మాటలు తిరిగాయి. మాంసానికి బదులు వేస్ట్ కలిపానని ఒకరన్నారు. చేతిలో డబ్బు లేక నాసిరకం సరుకు కొన్నానని ఇంకొకరు. ఆరేళ్లుగా మా వంటగదికి ఎవరు ఎప్పుడొచ్చినా తలుపు తీసే ఉంటుంది. ఆ మాటలన్న వాళ్లలో ఒక్కరైనా వచ్చి గిన్నె మూత తీసి చూసింది లేదు. ఆ సంగతి మనసులో ఉంది, ఉందని చెప్పేస్తున్నాను. మిగతా మీరంతా మాత్రం ఒక్క మాట అడక్కుండా ప్యాకెట్లు తిరిగిచ్చారు. ఇది రాస్తున్నది మీ కోసం.

చెడిపోయింది కోడికొవ్వు.

పచ్చ ప్యాకెట్ ఇంట్లో ఉండే కుక్కకు, పని లేని నెలలకు. ఎర్ర ప్యాకెట్ సీజన్‌లో రోజూ మైదానానికి వెళ్లే కుక్కకు. రెండింటికీ పెద్ద తేడా కొవ్వే. మాంసకృత్తుల నుంచో అన్నం నుంచో వచ్చే శక్తికి రెట్టింపు పైన, అంతే బరువున్న కొవ్వు నుంచి వస్తుంది. ఎక్కువసేపు పని చేసే కుక్క ఒంటికి అసలు ఇంధనం అదే. అలాస్కాలో ఇడిటరాడ్ అని బండ్లు లాగే కుక్కల పందెం ఉంది, దాదాపు 1,600 కిలోమీటర్లు మంచులో. ఆ కుక్కలు రోజుకు 10,000 కేలరీలు దాటి ఖర్చు చేస్తాయి, అందులో సగానికి పైగా కొవ్వు నుంచే వస్తుంది. మన కుక్కలకు అంత అక్కర్లేదు. 30 కిలోల చురుకైన షెపర్డ్‌కు రోజుకు 1,600, 1,700 దగ్గర మొదలుపెట్టి, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయా లేదా చూసుకుంటూ పెంచుతాం. ముప్పై సెకన్లలో పరుగు ముగించే గ్రేహౌండ్ లెక్క వేరు, దానికి పిండిపదార్థమే ముందు పనికొస్తుంది. ఉదయమంతా ట్రాకింగ్ (వాసన పట్టి జాడ వెంట పోవడం), విధేయత, రక్షణ అని మూడు భాగాలూ చేయాల్సిన ఐజీపీ అనే పోటీ కుక్కకు మాత్రం కొవ్వు కావాలి. ఆ కొవ్వును వాడుకోవడానికి ఒళ్లు అలవాటు పడాలంటే వారాలు పడుతుంది. అందుకే అక్టోబర్ మొదట్లోనే ఎర్ర ప్యాకెట్ మొదలుపెట్టమని మీ వెంట పడతాను.

ఆ కొవ్వు నేను ఒకే మనిషి దగ్గర కొంటూ వచ్చాను. ఆయన పేరు చెప్పను. నవంబర్ చివర్లో కొత్త డబ్బాలు వచ్చాయి. శనివారం మొదటి డబ్బా మూత తీయగానే మా వంటక్క, "అన్నా, ఇది పాత నూనె వాసన కొడుతోంది" అంది. నేను డబ్బాతో వచ్చిన కాగితం చూశాను. కొవ్వు పాడవుతోందా అని చూసే పెరాక్సైడ్ విలువ 4 అని ఉంది. 10 లోపుంటే మంచి కొవ్వు కిందే లెక్క. "కాగితం బాగుంది కదక్కా, వెయ్యి" అన్నాను.

నా తప్పు ఆ ఒక్క మాట. ఆదివారం, సోమవారం రెండు రోజుల వంట ఆ కొవ్వుతోనే పోయింది. ఇరవై ఏళ్లుగా వంట చేస్తున్న మనిషి ముక్కును కాదని, అచ్చేసిన అంకెను నమ్మాను. ఆ రెండు రోజులకు సప్లయర్‌ను అనడానికి లేదు, అవి నావి.

మంగళవారం పొద్దున్నే బోడుప్పల్ నుంచి ఫోన్. "అన్నా, మావాడు గిన్నె ముట్టలేదు." ఆ మాలినోయిస్ జాతి కుక్క సంగతి నాకు తెలుసు. గిన్నె ఖాళీ అయ్యాక కూడా పది నిమిషాలు నాకుతుంది. అది తిననంటే తిండిలో ఏదో ఉన్నట్టే. గంట తిరక్కముందే అల్వాల్ నుంచి ఇంకొకరు, షెపర్డ్‌కు విరేచనాలు. డబ్బా దగ్గరికి వెళ్లి కాస్త కొవ్వు అరచేతిలో వేసుకుని రుద్దాను. వేడెక్కగానే వాసన పైకొచ్చింది. వారం రోజులు మార్చని బజ్జీల మూకుడు వాసన. రెండు డబ్బాలు మిగిలాయి, రెండూ అంతే.

సప్లయర్‌కు ఫోన్ చేశాను. మొదట కాగితం చూడమన్నాడు. చూశానన్నాను. తర్వాత నవ్వి, "కుక్కలకేగా అన్నా, ఏం కాదు" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. కార్జం కొనడానికి వెళ్తే, కుక్కలకని తెలియగానే అడుగున ఉన్నది తీసి తూచే షాపులు చూశాను. మా నాన్న డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా చేశారు. తన కుక్క తినే అన్నం ముందు తాను ఒక ముద్ద నోట్లో వేసుకుని చూసేవారు. దాన్ని చూసి నవ్వినవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ ఆరేళ్లు నా దగ్గర డబ్బు తీసుకున్న మనిషి, మీ కుక్కలు ఏం పని చేస్తాయో తెలిసిన మనిషి, ఒకసారి ట్రయల్‌కు వచ్చి ఫొటోలు దిగిన మనిషి ఆ మాట అనడం నేను మింగలేకపోయాను. ఇప్పటికీ మింగలేదు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. వేసవిలో మిగిలిపోయిన డ్రమ్ముల కొవ్వును కొత్త దాంట్లో కలిపాడట.

కాగితంలో 4 ఎలా వచ్చిందో, మా డబ్బాలోని కొవ్వు మీద వచ్చిన ల్యాబ్ రిపోర్టు చూశాకే నాకు అర్థమైంది. మీకూ పనికొస్తుంది, చేపనూనె సీసాలు కొనేవాళ్లు మరీ గుర్తుంచుకోండి. కొవ్వు పాడవడం మొదలైనప్పుడు పెరాక్సైడ్లు పెరుగుతాయి. బాగా పాతబడితే ఆ పెరాక్సైడ్లే విరిగి వేరే పదార్థాలుగా మారతాయి, అప్పుడు ఆ అంకె మళ్లీ తగ్గుతుంది. అంటే కొంచెం పాడైన కొవ్వుకు పెద్ద అంకె రావచ్చు, పూర్తిగా పాడైనదానికి చిన్న అంకె రావచ్చు. విరిగాక వచ్చిన వాటిని కొలిచేది ఇంకో పరీక్ష, అనిసిడిన్ విలువ. మంచి చేపనూనెకు అది 20 దాటకూడదంటారు. మా డబ్బాలో పెరాక్సైడ్ 6, అనిసిడిన్ 47. ఆరేళ్లలో ఆ రెండో పరీక్ష గురించి నేను ఒక్కసారీ అడగలేదు.

ముక్కిన కొవ్వు వల్ల పోయేది రుచి ఒక్కటే కాదు. అది ఒంట్లోని విటమిన్ ఇ ని తినేస్తుంది, కడుపును చెడగొడుతుంది. కూనల మీద పరీక్షించి చూసినప్పుడు, అలాంటి కొవ్వు తిన్నవి ఎదుగుదలలోనూ రోగనిరోధక శక్తిలోనూ వెనకబడ్డాయి.

ఇక మంగళవారం రాత్రి సంగతి. మీలో చాలామంది అడిగింది ఇదే: పన్నెండు రోజులుందనగా తిండి మారుస్తారా ఎవరైనా?

మార్చకూడదు. ఆ మాట నేనే మీకు వందసార్లు చెప్పాను. కొత్త తిండికి కడుపు సర్దుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. పోటీ దగ్గర పడ్డాక కొత్త బిస్కెట్టు కూడా పెట్టొద్దంటాను. అలాంటి నేను 34 కుక్కలకు ఒకేసారి మార్పు తేవాలి. కొనసాగిస్తే పాడైన కొవ్వు, ఆపితే కడుపులో తిరకాసు. రాత్రి రెండింటి దాకా వంటగదిలోనే కూర్చున్నాను. మిమ్మల్నందరినీ మంచి కంపెనీ డ్రై ఫుడ్ కొనుక్కోమని చెప్పి చేతులు కడుక్కోవచ్చు. కానీ వండిన తిండి మీద ఉన్న కుక్కను ఒక్కరోజులో గుళికల మీదికి మారిస్తే సగం కుక్కలకు మూడో రోజుకే విరేచనాలు. వేరే చోట కొవ్వు కొనొచ్చు, కానీ ముక్కూ మొహం తెలియని డబ్బాను ఆ వారంలో నమ్మేదెలా? ఇంకో దారీ ఉంది. ఏమీ చెప్పకుండా ఉన్న సరుకు వాడేయడం. గిన్నె వదిలేసింది ఒక్క కుక్క, కడుపు చెడింది ఒక్క కుక్కకు. చలి మీదో నీళ్ల మీదో నెట్టేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. అరగంట సేపు ఉంది.

చివరికి ఒక్కటే మార్చాలని నిర్ణయించుకున్నాను. అదే బియ్యం, అదే చికెన్, అంతే కార్జం, అదే ఎముకల పొడి, అదే కొలత. కొవ్వు ఒక్కటి మాత్రం నేనే కరిగించుకోవాలి. మన ఊళ్లో స్కిన్‌లెస్ అడిగేవాళ్లే ఎక్కువ కాబట్టి చికెన్ షాపుల్లో చర్మం మిగిలిపోతుంది. తెల్లవారుజామున కోసిన చోటికే వెళ్లి, నా కళ్ల ముందు తీసిన చర్మం తెచ్చి, కాసిని నీళ్లు పోసి సన్నని సెగ మీద కరిగించి, గుడ్డలో వడకట్టాం. మొదటి మూడు రోజులు కొవ్వు సగమే వేశాను. ఆ మూడు రోజులూ కుక్కకు తిండి బలం తగ్గుతుందని తెలుసు. అన్నం పెంచి ఆ లోటు పూడ్చొచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అన్నం పెంచితే అది రెండో మార్పు. మూడు రోజులు కాస్త ఆకలితో ఉన్న కుక్క కోలుకుంటుంది, కడుపు జారిన కుక్క అంత తొందరగా కోలుకోదు. అందుకే ఆ మూడు రోజులు మైదానంలో కరిచే పని ఆపి, నడక మాత్రమే చేయించమని అడిగాను.

మన కుక్కల్లో పదకొండు ట్రయల్‌కు దిగాయి. పది బాగానే చేశాయి. పదకొండోది అల్వాల్ షెపర్డ్. దాని కడుపు పూర్తిగా కుదుటపడలేదు. ముందురోజు రాత్రి మళ్లీ విరేచనమైంది. ఒంట్లో నీళ్లు తగ్గిన కుక్క ఎండ ఎక్కకముందే వగర్చడం మొదలుపెడుతుంది, వగర్చే కుక్క వాసన సరిగా పట్టలేదు. రెండో మలుపు దగ్గర జాడ వదిలేసింది. వంద మార్కులకు 70 వస్తేనే ట్రాకింగ్ గట్టెక్కినట్టు, అది అక్కడే ఆగిపోయింది. ఏడాది పని నీళ్లపాలైందని ఆ యజమాని గ్రూపులో రాశారు. ఆయన మాట నిజం. నేను తిండి మార్చినందుకే ఇలా అయిందని కూడా రాశారు, అది నేను ఒప్పుకోను. ఆ కుక్కకు కడుపు చెడింది మార్పుకు ముందే, ఆదివారం, సోమవారం నేను పంపిన తిండితో. అంటే తప్పు ఎటు తిరిగినా నాదే, కానీ ఆపడం తప్పు కాదు. మళ్లీ అలాంటి మంగళవారం వస్తే మళ్లీ ఆపుతాను, ఆదివారమే ఆపుతాను. ఆయనకు సీజన్ మొత్తం డబ్బు తిరిగి పంపాను. తీసుకోలేదు. అది ఆయన పేరునే పక్కన పెట్టాను.

ఆ సప్లయర్ తర్వాత రెండుసార్లు వచ్చాడు, తక్కువ ధరకు ఇస్తానన్నాడు. టీ ఇచ్చి పంపాను. వ్యాపారంలో ఇంత పట్టుదల పనికిరాదని మా ఇంట్లోనే అంటున్నారు. కానీ "కుక్కలకేగా" అన్న చేత్తో ఇచ్చింది మీ కుక్క గిన్నెలో నేను వేయను.

ఇకనుంచి కొవ్వు మేమే కరిగిస్తాం. పది కిలోల చర్మానికి మూడు కిలోల పైచిలుకు కొవ్వు వస్తుంది, గ్యాసూ మనిషి పనీ ఎక్కువ. అందుకే ఎర్ర ప్యాకెట్ కిలో 290 నుంచి 320 అవుతుంది. పచ్చది మారదు. గాలి చేరకుండా స్టీలు డబ్బాను అంచు దాకా నింపి, విటమిన్ ఇ కలిపి ఫ్రీజర్‌లో పెడతాం, మూడు వారాలు దాటింది వాడం. ప్రతి ప్యాకెట్ మీద కొవ్వు కరిగించిన తేదీ ఉంటుంది. నెలకోసారి రెండు పరీక్షలూ చేయించి రిపోర్టు గోడకు అంటిస్తాను. వంటక్క వద్దంటే ఆ డబ్బా పొయ్యికెక్కదు, కాగితం ఏం చెప్పినా సరే. ఇప్పుడున్న పొయ్యిలతో ఇంతకంటే చేయలేం, కాబట్టి మార్చి దాకా కొత్తవాళ్లను తీసుకోను.

ఒక విన్నపం కూడా. ఎర్ర ప్యాకెట్ లేని వారంలో కొందరు బలం కోసమని గ్లూకోజ్, మనుషుల ఓఆర్ఎస్, పచ్చి గుడ్లు అన్నీ కలిపి పెట్టారని తెలిసింది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఉప్పు అలా పోదు. దానికి కావాల్సింది నీళ్లు. తాగకపోతే ఉప్పు, ఉల్లి వేయని చికెన్ ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు కలపండి, తాగుతుంది. ట్రయల్ రోజు పొద్దున కడుపు నిండా పెట్టొద్దు. ముందురోజు సాయంత్రం పెట్టింది చాలు, మిగతాది పని అయ్యాక, వగర్పు తగ్గాక.

కొత్త ఎర్ర ప్యాకెట్ వచ్చే సోమవారం నుంచి. పచ్చ ప్యాకెట్ మీద ఉన్న కుక్కకు మొదటి మూడు రోజులు పావు వంతు, తర్వాత మూడు రోజులు సగం, ఇంకో మూడు రోజులు ముప్పావు కలిపి, పదో రోజు నుంచి పూర్తిగా పెట్టండి. మలం పలచబడితే అక్కడే ఆగి నాకు ఫోన్ చేయండి, రాత్రయినా సరే. కొవ్వు కరిగించేది ఆదివారం పొద్దున 6 నుంచి 9 దాకా. రండి, వాసన చూడండి. పాత ప్యాకెట్లు ఇంకా ఇద్దరి దగ్గర ఉన్నాయి, నా లెక్కలో తేలుతున్నాయి. దయచేసి పెట్టకండి, వచ్చేటప్పుడు తీసుకురండి.