ఆ సూది సంగతి

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. అమ్మ కులాసా. నల్లకుంటలో వానలు దంచుతున్నాయి. మిగతా కబుర్లు తర్వాత, ముందు ఇది విను.

మొన్న సాయంత్రం మా మందుల షాపు రద్దీగా ఉంది. రోజూ వచ్చే షుగర్ పెద్దాయన ఒకరు, "ఇవి కాస్త పారేయండి బాబూ" అని కౌంటర్ మీద క్యారీబ్యాగ్ పెట్టారు. కొత్త కుర్రాడు చటుక్కున అందుకున్నాడు. ఇన్సులిన్ పెన్ను సూదులు! ఒకటి కవరు చీల్చుకొచ్చి బొటనవేలికి దిగింది. ఎర్రగా చిన్న చుక్క, అంతే. వాడు వేలు నోట్లో పెట్టుకోబోతుంటే "చేతులు, చేతులు!" అని అరిచాను. అచ్చం మన ల్యాబ్ అటెండర్ గొంతే, నువ్వు ఉండాల్సింది!

కుళాయి కింద సబ్బుతో కడిగించాను. పక్కనున్నాయన "రక్తం పిండేయ్" అని ఒకటే గోల. పిండకూడదురా, లాభం లేకపోగా అక్కడ చర్మం ఇంకా దెబ్బతింటుంది. సూదులు ఎవరివని అడిగితే, "నావి, మా ఆవిడవి కలిసిపోయాయి" అన్నారు పెద్దాయన. పాపం, ఆయన చేతులు వణుకుతున్నాయి.

హెచ్‌ఐవీ అంటుకోకుండా వేసుకునే మందులు అవసరమైతే వీలైనంత త్వరగా మొదలెట్టాలి, 72 గంటలు దాటకూడదు. అందుకే వెంటనే బండి మీద గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. నాకు అసలు టెన్షన్ హెపటైటిస్-బి గురించే, అదే కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. సూది వాడిన మనిషికి ఆ వైరస్ ఉండి, గుచ్చుకున్నవాడికి టీకా లేకపోతే, అది అంటుకునే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీకి అది దాదాపు 0.3 శాతమే. మా వాడికి టీకా ఊసే తెలియదు! పెద్దాయన దంపతులు తామే వచ్చి రక్తమిచ్చారు. ఇద్దరికీ నెగెటివ్. హమ్మయ్య. వాడికి టీకా మొదలైంది, ఇంకా నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి ఉన్నాయి.

ఇంతకీ నాకు మండిపోతున్నదేంటంటే, నర్సులకు టీకా అంటే అందరూ ఒప్పుకుంటారు. మందుల షాపు కుర్రాడంటే మాత్రం "వాడు బిళ్లలమ్ముకునేవాడేగా" అంటారు. దగ్గేవాళ్లు, గాయాలవాళ్లు, వాడిన సూదులు అన్నీ ముందు వచ్చేది ఆ కౌంటర్‌కే కదరా! ఓనర్‌తో గట్టిగానే మాట్లాడాను. సూది దిగని తెల్ల డబ్బా వచ్చింది. ఇళ్లలో వాడే సూదుల్ని మూత ఉన్న దళసరి సీసాలో వేయమని అందరికీ చెప్తున్నాం. ఇక కవర్లు విప్పడానికి వేలు తడి చేసుకునే అలవాటు ఉంది చూడు, దాని గురించి...

లారీ వచ్చింది, స్టాకు దించుకోవాలి. ఖమ్మంలో నీ షాపు పిల్లలకు టీకా వేయించావా? వెంటనే రాయి.

నీ
జీడిపప్పు పార్ట్‌నర్