వంట తేడా చేస్తే ముందే చెప్పండి, ఆవకాయకు మాత్రం మూడు రోజులు ఆగండి

విశాఖ ఎంవీపీ కాలనీలోని మన దుకాణానికి వచ్చేవారికీ, వంటల గ్రూపులో ఉన్నవారికీ నమస్కారం.

కొత్తగా చేరినవారి కోసం గ్రూపు సంగతి రెండు మాటల్లో చెబుతాను. పక్షానికి ఒక వంట. సభ్యుల్లో ఒకరు తమ ఇంటి పద్ధతి, కొలతలు పంపుతారు. దానికి కావలసిన సరుకులన్నీ మేము ఒక సంచిలో కట్టి ఉంచుతాం. ఆదివారం అందరూ వండుతారు. ఓపిక పట్టలేనివారు రెండు మూడు రోజుల ముందే వండి, ఎక్కడైనా తేడా వస్తే మిగతావారికి చెబుతారు. ఈ మధ్య పేచీ అంతా ఆ చెప్పడం దగ్గరే వస్తోంది.

ఆదివారం దాకా ఎవరూ ఏ వంటకూ వంక పెట్టకూడదని నియమం పెట్టమని కొందరు అడిగారు. ముందే అపశకునం పలికితే వండబుద్ధి కాదట, వంట పంపిన పెద్దవారు నొచ్చుకుంటున్నారట. రెండూ నిజమే. అయినా ఆ నియమం పెట్టడం లేదు.

డబ్బు సంగతి దాచడం ఎందుకు? ‘ఇది సరిగా రాలేదు’ అని ఒకరు రాస్తే చాలు, ఆ సాయంత్రమే సంచులు వద్దని ఫోన్లు మొదలవుతాయి. పప్పులు, పొడులు తిరిగి డబ్బాల్లోకి వెళ్తాయి. బచ్చలి కట్టలు, కొత్తిమీర నా నెత్తినే పడతాయి. కానీ ఎవరూ చెప్పకపోతే నాకు ఇంకా నష్టం. పాయసం విరిగితే కొలతను ఎవరూ తిట్టరు, ‘ఆ దుకాణంలో బెల్లం బాగాలేదు’ అంటారు. అనకాపల్లి పక్కనే ఉండి బెల్లం విషయంలో ఆ మాట పడటం నా వల్ల కాదు.

కాబట్టి చెప్పండి. ఎలా చెప్పాలన్నదే నా గోల.

కార్తికమాసంలో కంద బచ్చలి వచ్చినప్పుడు ఒకరు ముందే వండి, ‘ఎవరూ చేయకండి, గొంతు దురద’ అని రాసి ఊరుకున్నారు. అంతే, కంద ముక్క తెచ్చినవారు తెచ్చినట్టే వెనక్కి పట్టుకొచ్చారు. మర్నాడు నేను కూర్చుని అడిగితే తేలింది, ఇంట్లో పులుపు పడదని చింతపండు సగం చేశారట, కంద కూడా కాస్త పలుకుగా ఉన్నప్పుడే దించేశారట. కందలో కంటికి కనిపించని సూదుల్లాంటి ఆక్జలేటు స్ఫటికాలు ఉంటాయి. గొంతులో గుచ్చుకునేవి అవే. మెత్తగా ఉడికించి పులుపు బాగా తగిలిస్తే దురద తగ్గుతుంది. ఆ కూరలో చింతపండు రుచి కోసం మాత్రమే కాదు. ‘చింతపండు సగమే వేశాను, గొంతు దురద పెట్టింది’ అని ఉంటే, అదే మాట అందరికీ పనికొచ్చేది.

దీనికి పూర్తిగా ఎదురు, పరమాన్నం అప్పుడు ఇంకొకావిడ రాసిన తీరు. పాలు పొయ్యి మీద మరుగుతుండగానే బెల్లం వేశానని, వెంటనే విరిగాయని, రెండోసారి గిన్నె దించి, కాస్త వేడి తగ్గాక కరిగించి వడకట్టిన బెల్లం కలిపితే విరగలేదని రాశారు. ఎప్పుడు వేశారు, ఏం జరిగింది, ఏం మార్చారు, అన్నీ అందులోనే ఉన్నాయి. బెల్లంలో కొద్దిగా పులుపు ఉంటుంది, మరిగే పాలకు అది చాలు. ఆ నాలుగు ముక్కలు చదివాక ఒక్క సంచి కూడా వెనక్కి రాలేదు.

ఇక రాబోయేవి ఆవకాయ రోజులు కాబట్టి ఆ మాట కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. ఏడాదికి ఒక్కసారి పెట్టేది, కాయ దాటిపోతే మళ్లీ వచ్చే వేసవే. అందుకే అందరికీ తొందర. కలిపిన సాయంత్రమే వేలు ముంచి నాలుకకు రాసుకుని ‘ఉప్పు విషం’ అని పంపేస్తారు. మొదటి రోజు ఆవకాయ ఉప్పగానే ఉంటుంది. ముక్క ఇంకా ఉప్పు పీల్చుకోలేదు, ఊట దిగలేదు. మూడో రోజు తిరగ కలిపి అప్పుడు చూడటం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. ఉప్పు గురించి చెప్పాలంటే ఆ తర్వాతే చెప్పండి. ముక్క తుడవకుండా తడితో కలిపేశారా, అది మాత్రం ఆ నిమిషమే చెప్పండి, బూజు మీ కోసం మూడు రోజులు ఆగదు. ముందు చెప్పడం అంటే గడియారం చూసి కాదు, వంటను బట్టి.

కొలతల్లో వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం గిన్నె. పెద్దవారు గిన్నెడు ఉప్పు అంటే కల్లుప్పు. ప్యాకెట్‌లోని మెత్తటి ఉప్పు అదే గిన్నెలో ఖాళీ లేకుండా దిగి బరువు ఎక్కువ తూగుతుంది. ఇలాంటివి అందరి ముందూ పెట్టే ముందు వంట పంపినవారికి ఒక ఫోన్ చేయండి. ‘పిన్నిగారూ, మీరు చెప్పినట్టే చేశాను, ఉప్పు ఎక్కువైంది, మీది ఏ ఉప్పు?’ అంటే సగం సార్లు ఆవిడే ‘అయ్యో, ఆ మాట రాయడం మరిచాను’ అని సరిదిద్దుతారు. డెబ్బై ఏళ్ల మనిషిని వందమంది ముందు తప్పు పట్టిన పాపం మీకు ఉండదు. పూట గడిచినా ఆవిడ ఫోన్ ఎత్తకపోతే మీరే రాసేయండి. మర్యాద కోసం ఆగి మిగతావారిని పప్పు నానబోసుకోనివ్వకూడదు.

ఒంటికి హాని చేసేదైతే ఈ మర్యాదలేవీ అక్కర్లేదు. ఒకసారి రాజ్మాను మరిగించకుండా సన్నసెగ మీదే ఉడికించమని వచ్చింది. సరిగా మరగని రాజ్మా వాంతులు, విరేచనాలు తెస్తుంది. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో గట్టిగా మరిగించాల్సిందే. కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపమనే కొలత, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించమనే సలహా కూడా ఇలాంటివే. చూసినవారు చూసినప్పుడే అందరికీ చెప్పాలి. వండి చూసేదాకా ఆగనక్కర్లేదు.

కారం ఎక్కువైంది, మా అత్తగారు ఇలా చేయరు, మావారికి నచ్చలేదు, ఇవి హెచ్చరికలు కావు. ఆదివారం తీరిగ్గా మాట్లాడుకుందాం. అలాగే ఎవరైనా తేడా వచ్చిందని రాయగానే ‘మాకు బాగానే వచ్చిందే’ అని ఒక్క ముక్క పడేసేవారికి కూడా ఒక మనవి. బాగా వస్తే ఏ గిన్నె, ఏ ఉప్పు, ఎంతసేపు అన్నది కూడా రాయండి. ఉత్తి గొప్ప దేనికి?

దుకాణం వైపు నుంచి రెండు మార్పులు. ఇకపై సంచులు బుధవారం కట్టం, శుక్రవారం సాయంత్రం కడతాం. అప్పటిదాకా వద్దన్నవారికి పూర్తి డబ్బు ఇస్తాం. కట్టాక వద్దంటే పప్పులు, బెల్లం, విప్పని పొడులు వెనక్కి తీసుకుంటాం, ఆకుకూరలు తీసుకోం. వచ్చిన హెచ్చరికలు నేనే ఒక కాగితం మీద రాసి సంచిలో పెడతాను, ఫోన్ చూడని పెద్దవారి కోసం.

వచ్చేసారి ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ముందే వండేవారికి ఒకటి నేనే చెప్పేస్తున్నాను, ఆవ ముద్ద పొయ్యి దించాక కలపండి, సెగ మీద కలిపితే చేదెక్కుతుంది. పొట్టు నల్లబడుతుంది కాబట్టి శుక్రవారం సంచిలో పెట్టడం లేదు, శనివారం ఉదయం కొట్టించి ఇస్తాం. ఎంత కావాలో గురువారంలోగా చెప్పండి.